తడి దానాది తప్పు, కోత పిల్లోడి జీతంలో

సంఘం సభ్యులకు, హోసూరు సిప్‌కాట్‌లోనూ చుట్టుపక్కలా ప్లాస్టిక్ యూనిట్లు నడుపుతున్న మన పెద్దలకు, ఆ మెషిన్ల ముందు నిలబడే మన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు.

ఈ పోస్టు పొడుగ్గా ఉంటుంది. కొందరికి నచ్చదు కూడా. ఓనర్లలో మనవాళ్లు ఉన్నారు, సెట్టర్లలో మనవాళ్లు ఉన్నారు, షిఫ్ట్ పిల్లల్లోనూ మనవాళ్లే ఉన్నారు. అందుకే "ఇది ఇంటి గొడవ, గ్రూపులో పెట్టొద్దు" అన్నారు కొందరు. ఇంటి గొడవను ఇంట్లో కాకపోతే ఎక్కడ మాట్లాడాలి?

సంగతి ఇది. కొన్ని మోల్డింగ్ యూనిట్లలో పీసులు రిజెక్ట్ అయితే ఆ నష్టం ఆ షిఫ్ట్ ఆపరేటర్ జీతంలో కోస్తున్నారు. "నీ షిఫ్ట్‌లో వచ్చింది, నువ్వే కట్టు" అంటే తీర్పు అయిపోయింది. దానా తడిగా ఉందా, మోల్డ్ అరిగిందా, హీటర్ కాలిపోయిందా అని అడిగేవాడు లేడు. యూనిట్ల పేర్లు మేము రాయం. చదివేవాళ్లకు తమ సంగతి తమకే తెలుస్తుంది.

మేము చెప్పేది ఒక్కటే. పీసు మీద కనిపించే ఒక్కో లోపానికి ఒక్కో కారణం ఉంది. ఆ కారణం దానాలో ఉంటుంది, మోల్డ్‌లో ఉంటుంది, మెషిన్‌లో ఉంటుంది, సెట్టింగ్‌లో ఉంటుంది. ఈ నాలుగింటిలో ఏదీ తలుపు తీసి పీసు పట్టుకునే పిల్లోడి చేతిలో లేదు. ఊరికే అనడం లేదు. ఒక్కొక్కటే చూద్దాం రండి.

మొదట సిల్వర్. గేటు దగ్గర నుంచి వెండి గీతల్లా చారలు వస్తాయి. షాపుల్లో దీనికి వేసే మందు ఏమిటి? హీట్ పెంచడం, లేదంటే తగ్గించడం. ఏది తోస్తే అది. కానీ చాలాసార్లు అసలు కారణం తడి. నైలాన్, ఏబీఎస్, పాలీకార్బొనేట్, పెట్ గాలిలో తేమను పీల్చుకునే జాతి. పీపీ, హెచ్‌డీపీఈ అలా పీల్చుకోవు. వాటితోనే పని నేర్చుకున్నవాళ్లు అన్నిటినీ ఒకే తీరున హాపర్‌లో పోసేస్తారు. బ్యారెల్‌లో ఆ తడి ఆవిరి అవుతుంది, ప్లాస్టిక్‌తో పాటు మోల్డ్‌లోకి దూరుతుంది, పీసు మీద చారగా సాగుతుంది. ఏబీఎస్‌ను 80 డిగ్రీల దగ్గర 2 నుంచి 4 గంటలు ఆరబెట్టాలి. పాలీకార్బొనేట్‌ను 120 డిగ్రీల దగ్గర 3, 4 గంటలు ఆరబెట్టాలి. అందులో తేమ 0.02 శాతం లోపు ఉండాలి. అంటే 25 కిలోల బస్తాలో 5 గ్రాములు. ఒక చిన్న చెంచాడు నీళ్లు. అంతకు మించితే లాట్ పోయినట్టే.

ఇప్పుడు చెప్పండి. పొద్దున విప్పిన బస్తా వానపూట రాత్రి షిఫ్ట్ దాకా నోరు తెరుచుకుని ఉంటే అది ఎవరి తప్పు? డ్రయ్యర్ టైమర్ ఎవరి చేతిలో ఉంది? "డిస్పాచ్ ఉంది, గంట చాలు, ఎక్కించెయ్" అన్నది ఎవరు?

ఇంకో మాట. పాలీకార్బొనేట్ తడిగా ఉంటే చారలు రాకపోయినా చెడుతుంది. ఆ వేడిలో నీరు దాని అణువుల గొలుసులను తెంచేస్తుంది. పీసు చూడటానికి అద్దంలా ఉంటుంది, బిగిస్తే స్క్రూ దగ్గర పగులుతుంది. ఇలాంటిది ఆపరేటర్ కంటికి ఎలా కనబడుతుంది? నైలాన్ కథ దీనికి తిరగబడి ఉంటుంది. మోల్డ్ నుంచి అప్పుడే వచ్చిన నైలాన్ పొడిగా, పెళుసుగా ఉంటుంది. గాలిలో తేమ పట్టాకే దానికి గట్టిదనం వస్తుంది. వేడి ఆరీ ఆరని పీసును వంచి, విరిగిందని రిజెక్ట్ రాసి, జీతం కోసిన సూపర్‌వైజర్లు ఉన్నారు. తెలియనితనానికి జరిమానా పడితే ముందు ఎవరికి పడాలి?

రెండోది షార్ట్. పీసు నిండలేదు. వెంటనే ప్రెషర్ పెంచుతారు, తర్వాత హీట్ పెంచుతారు, మళ్లీ ప్రెషర్ పెంచుతారు. ముందు చూడాల్సింది కుషన్. ఇంజెక్షన్ అయ్యాక స్క్రూ ముందు కొన్ని మిల్లీమీటర్ల ప్లాస్టిక్ మిగలాలి. ప్రతి షాట్‌కూ దాదాపు అంతే మిగలాలి. అది ఒకసారి 6, ఒకసారి 2, ఒకసారి సున్నా చూపిస్తుంటే స్క్రూ కొనలో ఉన్న చెక్ రింగ్ అరిగి, ప్లాస్టిక్ వెనక్కి జారుతోందని అర్థం. ఇక ఎంత ప్రెషర్ పెడితే ఏం లాభం? కన్నం పడిన బిందెలో నీళ్లు పోసినట్టే. ఆ రింగ్ మార్చడం పిల్లోడి పనా?

మూడోది ఫ్లాష్. పీసు అంచున రెక్కలు. "బ్లేడుతో కోసెయ్" అంటారు. చెయ్యి తెగేది పిల్లోడికి, రెక్క మిగిలిపోయిందని మాట పడేదీ వాడే. ఒక లెక్క చూడండి. 20 సెంటీమీటర్ల పొడవు, 15 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న మూత. మోల్డ్ విడిపోయే దిశలో దాని వైశాల్యం 300 చదరపు సెంటీమీటర్లు. చదరపు సెంటీమీటరుకు 0.4 టన్ను అనుకుంటే 120 టన్నుల బిగింపు కావాలి. దాన్ని ఖాళీగా ఉందని 80 టన్నుల మెషిన్ మీద ఎక్కిస్తే మోల్డ్ నోరు తెరుస్తుంది. ఫ్లాష్ రాక ఏం వస్తుంది? మోల్డ్‌ను ఏ మెషిన్ మీద పెట్టాలో ఆపరేటర్ ఎప్పుడైనా నిర్ణయించాడా?

నాలుగోది నల్ల మచ్చ, అంటే బర్నింగ్. చివర్లో, మూలల్లో కాలినట్టు వస్తుంది. చూడగానే "హీట్ ఎక్కువైంది" అంటారు. మన ఊళ్లో లారీల గురించి తెలియనివాడు లేడు. డీజిల్ ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు. గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది. మోల్డ్‌లోనూ అదే. ప్లాస్టిక్ వేగంగా దూసుకొస్తుంటే లోపలి గాలికి బయటికి దారి లేక నలిగి, వేడెక్కి, ప్లాస్టిక్‌నే కాలుస్తుంది. ఆ దారి పేరు వెంట్. ఏబీఎస్‌కు మిల్లీమీటరులో నూరో వంతులు మూడో నాలుగో ఉంటుంది దాని లోతు. నైలాన్‌కు ఇంకా తక్కువ. జిడ్డు పట్టి అది మూసుకుపోతే హీట్ తగ్గించినా మచ్చ పోదు. వెంట్ తుడవాలి, చివర్లో ఇంజెక్షన్ వేగం తగ్గించాలి.

ఐదోది సింక్, మందంగా ఉన్నచోట గుంట పడటం. హోల్డ్ ప్రెషర్ పెంచుతారు. గేటు గడ్డకట్టాక ఎంత నొక్కినా లోపలికి ఒక్క చుక్క పోదు. గేటు ఎప్పుడు మూసుకుంటుందో తెలుసుకోవడానికి ఇంజినీరింగ్ డిగ్రీ అక్కర్లేదు, బంగారు కొట్లో ఉండే చిన్న త్రాసు చాలు. హోల్డ్ టైమును ఒక్కో సెకను పెంచుకుంటూ పీసులు తూకం వేయండి. బరువు పెరుగుతూ పోయి ఒకచోట ఆగుతుంది. అక్కడ గేటు మూసుకుంది. దానికి కొంచెం పైన టైము పెట్టి, కాగితం మీద రాసి, మెషిన్‌కు అంటించండి. అరగంట పని. అప్పటికీ గుంట పోకపోతే డిజైన్ చూడాలి. వెనక రిబ్ మందం గోడ మందంలో సగం, మహా అయితే 60 శాతం ఉండాలి. గోడంత రిబ్ పెట్టి మోల్డ్ చేయించి, గుంట వచ్చిందని షిఫ్ట్‌లో పిల్లోడిని తిడితే ఆ గుంట పూడుతుందా?

ఆరోది వంకర. సైకిల్ టైము తగ్గించమని పైనుంచి ఒత్తిడి వస్తుంది. తగ్గించడానికి సులువుగా దొరికేది కూలింగ్ టైము. చల్లబడటానికి పట్టే కాలం మందానికి వర్గంగా పెరుగుతుంది. 2 మిల్లీమీటర్ల గోడను 3 చేస్తే కూలింగ్ ఒకటిన్నర రెట్లు చాలదు, రెండుంపావు రెట్లు కావాలి. దానికి తోడు మన బోరు నీళ్లు. మోల్డ్ నీటి దారుల్లో సున్నపు పొర పేరుకుంటే ఒక వైపు చల్లగా, ఒక వైపు వేడిగా ఉంటుంది. పీసు వేడి మీద బయటికొచ్చి, డబ్బాలో పడి, మెల్లగా వంగుతుంది. తెల్లారి క్వాలిటీవాళ్లు చూస్తారు. రాత్రి షిఫ్ట్ పిల్లోడి పేరు రాస్తారు.

ఇవి కాక మెషినే అబద్ధం చెప్పే రోజులూ ఉన్నాయి. థర్మోకపుల్ తన గుంట నుంచి కొంచెం జారితే తక్కువ వేడి చూపిస్తుంది. కంట్రోలర్ అది నమ్మి హీటర్‌ను కాలుస్తూనే ఉంటుంది. స్క్రీన్ మీద 220, లోపల ఇంకెంతో. సూది థర్మామీటరుతో కరిగిన ప్లాస్టిక్ వేడిని కొలిచే అలవాటు ఎన్ని యూనిట్లలో ఉంది? చెప్పండి పెద్దలారా, మేము వింటాం.

పైపుల యూనిట్లవాళ్లు "ఇదంతా మోల్డింగ్ గోల, మాకు కాదు" అనుకోవద్దు. ఎక్స్‌ట్రూజన్‌లోనూ ఇదే పాట. పైపు ఒక పక్క మందం, ఒక పక్క పలచన వస్తే డై సెంటరింగ్ చూడాలి. లైను ఊగుతూ మందం మారుతుంటే హాపర్ కింద దానా మెత్తబడి గడ్డకట్టిందేమో, గొంతు దగ్గర కూలింగ్ నీళ్లు నడుస్తున్నాయో లేదో, జల్లెడ మూసుకుపోయిందేమో చూడాలి. పైన చేప పొలుసులా గరుకు వస్తే డై పెదవి దగ్గర ఒరిపిడి ఎక్కువైందని అర్థం. అక్కడ వేడి కొంచెం పెంచాలి, లేదా స్పీడు తగ్గించాలి. టార్గెట్ కోసం స్పీడు పెంచమన్నవాళ్లే గరుకుకు జరిమానా వేస్తే ఎట్లా? పీవీసీ పైపులో సున్నపు పొడి ఇష్టమొచ్చినట్టు కలిపితే అది పెళుసై, రైతు పొలంలో పగులుతుంది. తాగునీటి పీవీసీ పైపుకు ఐఎస్ 4985, హెచ్‌డీపీఈ పైపుకు ఐఎస్ 4984 ఊరికే పెట్టలేదు. ఆ పైపు కొనే రైతుల్లోనూ మనవాళ్లున్నారు.

ఇప్పుడు ఓనర్ల మాటకు వద్దాం. మూడు మాటలు అంటున్నారు.

ఒకటి, "మాది చిన్న యూనిట్, మార్జిన్ లేదు, మంచి డ్రయ్యర్ ఎక్కడ కొంటాం?" మీ కష్టం మాకు తెలుసు. దానా రేటు మీ చేతిలో లేదు, పెద్ద కంపెనీ ఇచ్చే రేటూ మీ చేతిలో లేదు. కానీ లెక్క వేయండి. రోజుకు 3,000 పీసులు తీస్తూ నూటికి 5 పోతే రోజుకు 150. నెలకు 26 రోజులంటే 3,900 పీసులు. ఒక రోజుకు మించిన ఉత్పత్తి ప్రతి నెలా గ్రైండర్‌లో పడుతోంది. దానా, కరెంటు, మెషిన్ గంటలు అన్నీ పోయాయి. పిల్లోడి జీతంలో కోసిన కొన్ని వందలతో అది పూడుతుందా? పూడదు. పైగా జీతం కోత ఉందని తెలిసిన పిల్లోడు చెడ్డ పీసును దాచి మంచి పీసుల కింద వేస్తాడు. లాట్ మొత్తం వాపసు వస్తుంది. లోపాన్ని చూపించినవాడిని శిక్షిస్తే ఇక లోపం ఎవరు చూపిస్తారు?

రెండు, "పిల్లలు ఫోన్ చూసుకుంటూ ఉంటారు, వాళ్ల తప్పు లేదా?" ఉంటుంది. మేము కాదనడం లేదు. ఒక సైకిల్‌కు తలుపు 5 సెకన్లలో, ఇంకో సైకిల్‌కు 40 సెకన్లలో మూస్తే బ్యారెల్‌లో దానా ఎక్కువ సేపు ఉడుకుతుంది, పీసులు మారతాయి. పార్టింగ్ లైన్ మీద చిన్న ముక్క ఇరుక్కుంటే తీయకుండా మోల్డ్ మూస్తే మోల్డ్ దెబ్బతింటుంది. ఇవి ఆపరేటర్ పనులే. అయితే ఇవి వాడికి ఎవరు నేర్పారు? తెలుగు మాట్లాడి, బడిలో తమిళం చదివిన పిల్లోడికి ఇంగ్లీషు మెనూ ముందు నిలబెట్టి "పచ్చ బటన్ నొక్కు, ఎర్ర బటన్ ముట్టుకోకు" అన్నదే శిక్షణ అయితే, తప్పు ఎక్కడ మొదలైంది?

మూడు, "సెట్టింగ్ సెట్టర్‌కే తెలుసు." ఇదే అసలు జబ్బు. సెట్టర్ జేబులో డైరీ ఉంటుంది. అది ఎవరికీ చూపించడు. "అన్నా, హీట్ ఎంత పెట్టినావు?" అంటే "నీకెందుకప్పా, పీసు పట్టుకో" అంటాడు. సెట్టర్ అన్నలారా, మీ భయం మాకు అర్థమవుతుంది. చెప్పేస్తే విలువ పోతుందని భయం. కానీ మీరు సెలవు పెట్టిన రోజు ఏం జరుగుతోంది? వచ్చినవాడు ఒకేసారి నాలుగు నాబ్‌లు తిప్పుతాడు, ఏది పని చేసిందో వాడికే తెలియదు. మీరు వచ్చి మొదటి నుంచి వెతకాలి. పద్ధతి ఒక్కటే. ఒకసారికి ఒక్కటే మార్చాలి, కొన్ని సైకిళ్లు ఆగి చూడాలి, బ్యారెల్ వేడి మారిస్తే ఇంకా ఎక్కువ సేపు ఆగాలి, మార్చింది రాయాలి. రాసిపెట్టినవాడి విలువ పెరుగుతుందే తప్ప తరగదు. వాడే రేపు నలుగురు సెట్టర్లకు పెద్ద అవుతాడు.

చట్టం సంగతీ చెప్పాలి. జీతంలో కోత ఓనర్ ఇష్టం కాదు. 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం నుంచి 2019 వేతనాల కోడ్ దాకా మాట ఒక్కటే. అప్పగించిన సరుకుకు కార్మికుడి నిర్లక్ష్యం వల్లే నేరుగా నష్టం జరిగి ఉండాలి. కోసే ముందు వాడి మాట చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. "నీ షిఫ్ట్‌లో వచ్చింది" అన్నది రుజువు కాదు.

ఇక అన్నిటికన్నా పెద్దది. పీసు పోతే గ్రైండర్‌లో వేయొచ్చు. చెయ్యి పోతే? సైకిల్‌లో రెండు సెకన్లు మిగులుతాయని సేఫ్టీ గేటు స్విచ్‌కు టేపు చుట్టి, గేటు తెరిచి ఉన్నా మోల్డ్ మూసుకునేలా చేస్తున్న చోట్లు ఉన్నాయి. నూరు టన్నుల బిగింపు మధ్య పడేది మన ఇంటి పిల్లల చేతులు. యంత్రాలకు కంచె ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టం 21వ సెక్షన్ నుంచీ ఉంది. డెల్రిన్ అని మనవాళ్లు పిలిచే ఎసిటాల్‌ను బ్యారెల్‌లో ఎక్కువ వేడిలో వదిలేస్తే ఫార్మాల్డిహైడ్ గ్యాస్ వస్తుంది. కళ్లు మండితే అదే గుర్తు. లోపల ఒత్తిడి పెరిగి నాజిల్ నుంచి చిమ్ముతుంది. ఎసిటాల్, పీవీసీ ఒకే బ్యారెల్‌లో కలవనే కూడదు. ఒకటి ఆపి ఇంకోటి వేసే ముందు పాలిథీన్‌తో పూర్తిగా పర్జ్ చేయాలి. పర్జ్ చేసేటప్పుడు ముఖం నాజిల్ ఎదురుగా పెట్టకూడదు, అద్దాలు, చేతొడుగులు లేకుండా నిలబడకూడదు. ఎక్స్‌ట్రూడర్ స్టార్ట్ చేసేటప్పుడు డై ఎదురుగా ఎవరూ ఉండకూడదు. ఈ నాలుగు మాటలు తమిళంలో, తెలుగులో, కన్నడంలో రాసి గోడకు అంటించడానికి ఎంత ఖర్చు?

మేము అడుగుతున్నవి ఇవి.

1. రిజెక్షన్ పేరుతో జీతం కోత మన సంఘం సభ్యుల యూనిట్లలో ఈ నెల నుంచే ఆగాలి. ముందు మన ఇల్లు శుభ్రం చేసుకుని, తర్వాత ఊరిని అడుగుదాం.

2. ప్రతి మోల్డ్‌కూ ఒక సెట్టింగ్ కాగితం ఉండాలి. దానా పేరు, ఆరబెట్టిన వేడి, గంటలు, బ్యారెల్ వేడి, కుషన్, హోల్డ్ టైము, కూలింగ్ టైము, పీసు బరువు. పిల్లోడు చదవగలిగిన భాషలో.

3. లోపం వచ్చినప్పుడు చూసే వరుస ఒకటే: దానా, మోల్డ్, మెషిన్, సెట్టింగ్. ఈ నాలుగూ చూసి, రాసి, సంతకం పెట్టాకే మనిషి పేరు ఎత్తాలి.

4. సేఫ్టీ గేటుకు టేపు చుట్టిన మెషిన్ కనిపిస్తే ఆ షిఫ్ట్ ఆపే హక్కు ఆపరేటర్‌కు ఉండాలి. ఆపినందుకు మాట పడకూడదు.

5. నెలకు రెండు ఆదివారాలు సంఘం హాల్లో క్లాసు పెడదాం. మనలో ఇరవై, ముప్పై ఏళ్లు మెషిన్ల మీద పని చేసినవాళ్లు ఉన్నారు. చెన్నై గిండీలో 1968లో మొదలైన సిపెట్ ఉంది. దాని కేంద్రాలు మైసూరులో, విజయవాడలో, హైదరాబాద్‌లో ఉన్నాయి. అక్కడ చదివిన మన పిల్లలు వచ్చి ఇక్కడి పిల్లలకు తెలుగులో చెప్పాలి. భాష కోసం సభలు పెడతాం, పద్యాలు చదువుతాం, మంచిదే. పని నేర్పడానికి పనికి రాని భాష ఎన్నాళ్లు బతుకుతుంది?

కోపం వచ్చిన పెద్దలు కింద కామెంట్‌లో రాయండి. మా లెక్క తప్పైతే తప్పని చూపండి. కానీ "పిల్లోడిదే తప్పు" అని రాసే ముందు మీ హాపర్ మూత తీసి ఒకసారి చెయ్యి పెట్టి చూడండి. దానా వెచ్చగా ఉందా, చల్లగా ఉందా? చల్లగా ఉంటే, ఎన్ని గంటలు ఆరిందో రాసిన కాగితం ఎక్కడుందో కూడా చెప్పండి.

షిఫ్ట్‌లో ఉన్న మన పిల్లలకు ఈ పోస్టు చేరేలా పంచండి. చదవడం రానివాళ్లకు చదివి వినిపించండి.